హిల్నా నక్కో సార్!

మక్బూల్ భాయ్‌కి ఒక్కటే పిచ్చి. యంత్రాన్ని కంప్యూటర్‌కి కలిపాడంటే, కంప్యూటర్ వెనక గుచ్చిన ప్లగ్గును ఎవరో ఒకరు చేత్తో పట్టుకుని కూర్చోవాలి. నాలాంటి వాళ్లు పట్టుకుంటానంటే ససేమిరా ఒప్పుకోడు. ఆ గదిలో అందరికంటే పెద్ద జీతం ఎవరిదో వాళ్లే పట్టుకోవాలి!

అప్పట్లో నేను పటాన్‌చెరు దగ్గర ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని. రెండువేల సంవత్సరం నాటి మాట. బిస్కెట్లు కాల్చే పొయ్యిల వేడిని చూసుకోవడానికి టిఫిన్ డబ్బా అంత కంట్రోలర్లు ఉండేవి. అవి మొరాయిస్తే మక్బూల్ భాయ్‌కి కబురు వెళ్లేది. ముత్తంగి నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. చొక్కా జేబులో ఫ్లాపీ, మెడలో దండలాగా ఒక పాత తీగ. కంట్రోలర్‌కి ఒక కొస తగిలించి, టేబుల్ కింద ఉన్న కంప్యూటర్ డబ్బా సీరియల్ పోర్టులో రెండో కొస గుచ్చి, లేచి నిలబడి అడిగేవాడు:

"ఈడ పెద్ద సాబ్ ఎవరు?"

ఒకసారి ఓనరుగారి అల్లుడు తెల్ల ప్యాంటు వేసుకుని ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చి దొరికిపోయాడు. పాపం, టేబుల్ కింద గొంతుక్కూర్చున్నాడు.

"మాట్లాడొచ్చా?" అన్నాడు కాసేపటికి.

"వద్దు సార్. మాట్లాడితే చెయ్యి అదురుతది. డేటా తొమ్మిది వేల ఆరొందల స్పీడుల ఉరుకుతున్నది. జెర అదిరిందంటే రోడ్డు దిగుతది. హిల్నా నక్కో సార్!"

కదలొద్దు అన్నాడు గదా అని అల్లుడుగారు ఊపిరి కూడా వాయిదాల మీద పీల్చాడు. ఆ తెల్ల ప్యాంటు మళ్లీ మా ఫ్యాక్టరీ గేటు దాటి రాలేదు.

ఆ తీగ పాడైపోయిందేమోనని నేనే ఒక కొత్త తీగ తెప్పించి ఇచ్చాను. "శుక్రియా జంగన్నా" అని స్కూటర్ డిక్కీలో పెట్టుకున్నాడు. మరుసటిసారి మళ్లీ అదే పాత తీగ!

"కొత్తదేమైంది భాయ్?"

"కొత్త కోడలు గదన్నా. ఇంట్ల ఉన్నది. జెర అలవాటు కానియ్."

ఇక మా జనరల్ మేనేజర్ చక్రధరరావుగారి సంగతి చెప్పాలి. మనిషి మంచివాడే, గొంతే చెడ్డది. ఆయన ఆఫీసులో తుమ్మితే గేటు దగ్గర వాచ్‌మన్ లేచి సెల్యూట్ కొట్టేవాడు. అలాంటాయన దసరా మరునాడు పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడి అరుస్తున్నా ఫ్యాక్టరీ రేకులు లేచిపోలేదు, అదే మా అదృష్టం.

ఎందుకంటే బిస్కెట్లు బొగ్గులై వస్తున్నాయి. కంట్రోలర్ మీద అంకె మాత్రం సరిగ్గా ఉంది. పొయ్యి ఆపరేటర్ సోమయ్య ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏళ్ల తరబడి టెంపరరీగా చేసి చేసి, ఆ వారమే పర్మనెంట్ కావాల్సిన మనిషి! ఆర్డరు కాగితం జీఎంగారి బల్ల మీద సంతకం కోసం ఎదురు చూస్తోంది.

"ఏం తగలేశావయ్యా?"

"సార్, నిన్న..."

"నోర్ముయ్! పర్మనెంటూ లేదు, గిర్మనెంటూ లేదు. సాయంత్రం లెక్క చూసుకుని గేటు బయటికి నడు!"

అంతలో మక్బూల్ భాయ్ స్కూటర్ చప్పుడు వినిపించింది. వచ్చాడు, తీగ తగిలించాడు, లేచాడు. అయ్యో, ఇప్పుడు కూడానా అనుకున్నాను. ఇప్పుడు కూడానే!

"సాబ్, మీరే పట్టాలె."

"నేనా?"

"బిస్కెట్లు మాడుతున్నయ్ సార్. జల్దీ!"

చక్రధరరావుగారు బొజ్జతో సహా టేబుల్ కిందికి దిగారు. అది పెద్ద కార్యక్రమమే.

మక్బూల్ భాయ్ కీబోర్డు మీద పడ్డాడు. మొదట కంట్రోలర్ ఉలకలేదు, పలకలేదు. స్పీడు మార్చాడు. తెర నిండా పిచ్చిగీతలు! మళ్లీ ఏదో మార్చాడు. అంతే, వరసగా అంకెలు జరజరా దిగాయి.

"పలికింది భాయ్!" అని నేను ఎగిరి గంతేశాను. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో నా ఒళ్లు ఝల్లుమంటుంది.

ఆ అంకెల్ని ఫ్లాపీలో దాచిన పాత సెట్టింగులతో పోల్చి చూశాడు. "దొరికింది! సెట్టింగుల సెన్సార్ రకం మారింది జంగన్నా. పొయ్యిల ఉన్నదొకటి, ఈ పెట్టె అనుకునేదొకటి. పొయ్యి మండిపోతున్నా ఇది తక్కువ చదువుతున్నది. ఎవరో మీటలు ఒత్తిండ్రు."

అందరం సోమయ్య వైపు చూశాం. భాయ్ మాత్రం స్టూలు జరిపి, "కూసో సోమన్నా. నిన్న పండుగ మంచిగైందా?" అన్నాడు.

"అయింది భాయ్. ఆయుధపూజ జేసినం. గీ పెట్టెకు బొట్టు పెడదామని ముందుగాల తడిబట్టతోని తుడిచిన. నాకు అన్నం పెట్టే పెట్టె గదా, గట్టిగ రుద్దిన. ఏవో అక్షరాలు మెరిసినయ్. భయమై మల్ల రుద్దిన, పోయినయ్."

"మరి పొద్దుగాల చెప్పకపోతివి?"

"చెప్పబోయిన. సార్ నోర్ముయ్ అన్నడు."

టేబుల్ కింద గుర్రుమన్న చప్పుడు.

"హిల్నా నక్కో సార్! సోమన్నా, తడిబట్ట పెట్టుమని నీకెవరన్నరు?"

సోమయ్య టేబుల్ వైపు చూసి గొంతు తగ్గించాడు. "జీఎం సారే. ఓనర్ పూజకు వస్తుండు, పెట్టెలన్నీ అద్దాల లెక్క మెరవాలె, తడిబట్టతోని రుద్దుండ్రి అన్నడు."

టేబుల్ కింద ఠంగుమని చప్పుడైంది. జీఎంగారి తల టేబుల్‌కి కొట్టుకుంది.

"హిల్నా నక్కో సార్! ఇప్పుడే సెట్టింగులు పెట్టెలకు పోతున్నయ్!"

పొయ్యి దారికొచ్చింది. జీఎంగారు జుట్టునిండా సాలెగూడుతో బయటికి వచ్చారు.

"సోమయ్యా."

"సార్."

"వచ్చే దసరాకి పొడిబట్ట."

అంతే, వెళ్లిపోయారు. సాయంత్రానికి సోమయ్య చేతిలో సంతకం పెట్టిన పర్మనెంటు ఆర్డరుంది. వాడు ఏడ్చి, నవ్వి, నన్ను కౌగిలించుకుని నా చొక్కా పాడుచేశాడు.

పొద్దున జీఎంగారు అలా వెళ్లగానే, తీగ తీద్దామని నేను టేబుల్ కింద దూరాను. లాగితే రాలేదు. చూస్తే ప్లగ్గుకి రెండు స్క్రూలూ గట్టిగా బిగించి ఉన్నాయి! పదిమంది వేలాడినా ఊడదు. ఓరి నీ అసాధ్యం కూలా!

"ఏంది భాయ్ గిది? మరి గింతమందితోని ఎందుకు పట్టించినవ్?"

"మెషిన్ చెడితే ముందుగాల పెద్ద సాబ్ ఉరికొస్తడన్నా. ఒర్లుతడు. ఆపరేటర్ నోరు పడిపోతది. ఏమైందో ఎరికున్నోడు ఆడొక్కడే. అందుకే సాబ్ చేతికి జెర పని చెప్త." నవ్వాడు. "ఎవరికి చెప్పకు."

నేను చెప్పలేదు, ఒట్టు.

కొన్నాళ్లకు ప్యాకింగ్ మెషిన్ ఆగిపోయింది. దాని దగ్గర పనిచేసే పుష్పమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. చక్రధరరావుగారు ఊడిపడ్డారు. ఆమెను చూశారు, మక్బూల్ భాయ్‌ని చూశారు. అరవడానికి తెరిచిన నోరు మూసుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, చక్కా ప్యాకింగ్ బల్ల కింద దూరారు.

భాయ్ కంగారుపడి వంగాడు. "సాబ్, సాబ్! దీనికి కంప్యూటర్ లేదు. తీగనే లేదు!"

"నాకు తెలుసులేవయ్యా," అన్నారు బల్ల కింద నుంచి. "ముందు ఆవిణ్ణి చెప్పనివ్వు."