వచ్చినట్టు రాసిన పేరు

ఆ ఎండాకాలం జూలూరుపాడు అవతలి అడవిలో పులి అడుగులు కనిపించాయి. బీడీలు చుట్టే తునికాకు తెంపడానికి తెల్లారగట్ల లోపలికి పోయినవాళ్లు మధ్యాహ్నానికి బయటపడ్డారో లేదో చూడటం అటవీశాఖ ఆఫీసులో నా పని. ఎవరైనా రాకపోతే మా జీపు పోవాలి. అప్పటిదాకా ఊరివాళ్లు వెతకడానికి లోపలికి అడుగు పెట్టొద్దని మేమే కట్టడి చేశాం.

ఆకు కట్టలు ఆరబెట్టే కల్లం దగ్గరి పెద్దాయన ఫోన్‌లో జాబితా పంపేవాడు. మనిషికొక వరుస: పేరు, పోయిన వేళ, వచ్చిన వేళ, పోయిన దిక్కు. అదంతా చదవడానికి నాకు బద్ధకం. ఖాళీ ఉన్న చోటల్లా వరుసను తెంపి మాటలుగా విడదీసే చిన్న కంప్యూటర్ స్క్రిప్ట్ రాశాను. మూడో మాట, అంటే వచ్చిన వేళ, ఉంటే మనిషి వచ్చినట్టే లెక్క. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆరోజు అది అందరూ వచ్చారంది. అన్నం తిని ఓ కునుకు తీశాను. మూడింటికి పెద్దాయన ఫోన్ చేశాడు.

"ఏంది సారూ, జీపు పంపకపోతిరి? వాగు దిక్కు పోయిన ముసలామె ఇంకా రాలే."

"అందరూ వచ్చిండ్రు కద పెద్దాయనా."

పెద్దాయన మెల్లగా అడిగాడు. "ఆమెను ఎవరు చూసిండ్రు సారూ?"

జాబితా తెరిచాను. అడవి నుంచి రాని మనిషి పేరు పక్కన 'రాలేదు' అని రాస్తే కీడని, పెద్దాయన ఆ చోటు వదిలేశాడు. ఎంత చోటు వదిలినా స్క్రిప్ట్‌కి అది ఒక్క ఖాళీయే. ఆమె పోయిన దిక్కు 'వాగు' ముందుకు జరిగి మూడో మాటైంది. తెర మీద ఆమె పేరు పక్కన పచ్చ అక్షరాల్లో 'వచ్చింది' అని ఉంది. ఆమె బదులు ఇంకెవరో ఇల్లు చేరినట్టు భయమేసింది.

జీపేసుకుని పోయి, వాగు వెంట ఆమెను పేరు పెట్టి పిలుస్తూ నడిచాం. ఆకు కదలడం లేదు, పిట్ట కూయడం లేదు. చివరికి మేం నాలుగుసార్లు దాటిపోయిన ఒడ్డు కిందే, కాలు విరిగి కూర్చుని ఉంది. కళ్లు మా వైపే ఉన్నాయి.

"ఇంత దగ్గరుండి పలకవేంది అవ్వా?"

"పొద్దుగాల నేను పిలిస్తే ఎవ్వరూ పలకలే. ఇప్పుడు పిలిచేది మనుషులేనని ఎట్ల నమ్మాలె?"

దవాఖానాకు పోయేటప్పుడు జీపులో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంతసేపు ఎందుకు రాలే బిడ్డా?"

"నువ్వు వచ్చేసినవని రాసుకున్నం అవ్వా."

"ఎవరు రాసిండ్రు?"

"నేనే."

ఆమె చెయ్యి తీసేసుకుంది.