టైరు వెనక రాయి

మా కాక పోయాడన్న కబురు నాకు నాచారంలో, కంపెనీ గేటు దగ్గర సంచి తనిఖీకి ఇచ్చి నిలబడ్డప్పుడు వచ్చింది. ఫోన్ చేసింది మా గల్లీలోనే ఉండే ట్రాలీ అన్న. "కాక ఇగ లేడు చెల్లె. పొద్దుగాల మొఖం కడుక్కుంట కూలవడ్డడు. దవాఖానాకు తీస్కవోయేలోపే అయిపోయింది" అన్నాడు. నేను సంచి వెనక్కి తీసుకుని, షిఫ్టుకు పోకుండా ఆటో ఎక్కాను. దారి పొడవునా నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంకో ఆరు రోజుల్లో నాకు డ్రైవింగ్ పరీక్ష ఉంది. దగ్గరుండి తీసుకుపోతానని కాక మాటిచ్చాడు. మాట తప్పడం ఆయనకు అలవాటు లేదు.

కాక నాకు రక్తసంబంధం కాదు. చిల్కానగర్‌లో మాది పక్కిల్లు, అంతే. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. నేను ఆ గల్లీకి అద్దెకు వచ్చిన మొదటి వారమే ఆయన్ని కాకా అని, ఆయన భార్యను చిన్నమ్మా అని పిలవడం మొదలుపెట్టాను. ఎవరూ నేర్పలేదు, నోటికి అలాగే వచ్చింది.

ఆదివారం పొద్దున టీవీలో బండ్ల ప్రోగ్రాం వస్తుంది. ఒక కుర్రాడు కొత్త కార్లూ మోటారు సైకిళ్లూ నడిపి, ఏది మంచిదో ఏది కాదో చెబుతుంటాడు. ఆ గంట కాక ఇంటి ముందు గది మాది. ట్రాలీ అన్న వచ్చేవాడు. పీర్జాదిగూడలో కట్టే అపార్ట్‌మెంట్లకు ఇసుక, టైల్స్ మోసే బండి ఆయనది. మేడ మీద అద్దెకుండే తమ్ముడు దిగి వచ్చేవాడు, అతనికి కార్ల షోరూంలో ఉద్యోగం. నాలుగోదాన్ని నేను. చిన్నమ్మ చాయ్ ఇచ్చి, వంటింటి గడప మీద నిలబడి చూసేది. లోపలికి వచ్చి కూర్చోమంటే పొయ్యి మీద పప్పు ఉందనేది. ఏ ఆదివారం చూసినా పొయ్యి మీద పప్పే.

టీవీ పెట్టేముందు కాక పాత బట్టతో దాని అద్దం తుడిచేవాడు. డ్యూటీ ఎక్కేముందు బస్సు ముందద్దం తుడిచిన చేయి, ఊరుకోదు. ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ ఆయన కుడికాలు నేల మీద బ్రేకు వేస్తూనే ఉండేది. టీవీ కుర్రాడు మలుపు దగ్గర ఆలస్యంగా బ్రేకు వేస్తే కాక కాలు అంతకుముందే నేలకు అదుముకుపోయేది. మేం నవ్వితే, "మీకేమెరుక, గిప్పుడు మనమందరం లోయల వడుతుంటిమి" అనేవాడు.

ప్రోగ్రాం అయిపోగానే టీవీ కట్టేసి మాట్లాడుకోవాలి. దానికి కాక పెట్టిన నియమం ఒకటుంది. నడిపినోళ్లు చెప్పాలె, నడపనోళ్లు అడగాలె. బరువు బండి గురించి ట్రాలీ అన్న చెప్పొచ్చు, కొత్త కార్ల గురించి షోరూం తమ్ముడు చెప్పొచ్చు. నాకు సైకిలు కూడా సరిగా రాదు కాబట్టి నేను అడగడమే. రెండేళ్లు అడుగుతూనే ఉన్నాను. ఆ ఇంజిన్ ఎందుకు అరుస్తోంది, ఆ బండి ఎందుకు పక్కకు ఒరిగింది అని. అడగడం చిన్నతనమని నాకు అప్పట్లో ఉక్రోషంగా ఉండేది. కాక మాత్రం నా ప్రశ్న అయ్యేదాకా మిగతా ఇద్దరినీ నోరు విప్పనిచ్చేవాడు కాదు.

గొడవంతా ఒక్క ఎపిసోడ్‌తో వచ్చింది. టీవీ కుర్రాడు ఒక చిన్న కారును ఘాట్ రోడ్డు ఎక్కించి, బాగా ఎత్తున్న చోట ఆపి, బ్రేకు మీంచి కాలు తీసేశాడు. కారు వెనక్కి జారలేదు. ఎత్తులో ఆగితే బ్రేకును కాసేపు బండే పట్టుకుంటుందని, కొత్త కార్లలో ఆ ఏర్పాటు ఉందని చెప్పాడు. షోరూం తమ్ముడు ఆ కారు తనే తయారుచేసినంత మురిసిపోయాడు. కాక మాత్రం కాలు నేల మీంచి ఎత్తలేదు.

"ఎనక టైరు కింద రాయి వెట్టిన్రు" అన్నాడు.

అక్కడ మొదలైంది. షోరూం తమ్ముడు ఆ ముక్కను ఫోన్‌లో తెచ్చి, ఆపి చూపించాడు. వెనక టైరుకు ఆనుకుని నల్లగా ఏదో ఉంది. రాయి అంటే రాయే. నీడ అంటే నీడే. అలాంటి కార్లు రోజూ నడుపుతానని తమ్ముడు, ముప్పై ఏళ్లు నడిపినవాణ్ని నేనని కాక. ట్రాలీ అన్న మొదటి వారం పెద్దాయన పక్షం, రెండో వారానికి ఎటూ కాకుండా చాయ్ ఎక్కువ తాగడం మొదలుపెట్టాడు. రెండు వారాలు ఒకే ఎపిసోడ్, ఒకే నల్లమచ్చ. బీపీ గోళీ వేసుకుని మరీ వాదించే మొగుణ్ని చూసి చిన్నమ్మ తల పట్టుకుంది. కొత్త ఎపిసోడ్‌లో ఏ బండి వచ్చిందో ఎవరికీ గుర్తు లేదు.

మూడో ఆదివారం నేను అడిగాను. "అది రాయైతే, బండి పోయినంక రోడ్డు మీద్నే ఉండాలె గద కాకా?"

అప్పటిదాకా ఎవరమూ ఆ ముక్కను చివరిదాకా చూడలేదు. నల్లమచ్చ దగ్గరే ఆపి ఆపి కొట్టుకున్నాం. తమ్ముడు ముందుకు నడిపించాడు. కారు కదిలింది, నల్లమచ్చ కూడా దానితోపాటే కదిలి పోయింది. వెనక ఖాళీ రోడ్డు. నాకు నోరు కుట్టేసుకోవాలనిపించింది. కాక ఫోన్ తన చేతిలోకి తీసుకుని మూడుసార్లు చూశాడు.

"రాయి లేదు. నేను తప్పు జెప్పిన. నీదే నిజం తమ్మీ" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "అడిగినవు గద బిడ్డా, ఇగ నడుపుతవు. రేపు పొద్దుగాల రా."

కోపంతో అన్నాడనుకున్నాను. మర్నాడు ఆరింటికి మా తలుపు కొట్టాడు.

మా గల్లీ చివర మంచి ఎత్తు ఉంది. నీళ్ల ట్యాంకర్ కూడా అక్కడ మూలుగుతూ ఎక్కుతుంది. ముందు రెండు నెలలు చదును మీద నేర్పి, తర్వాత కాక తన పాత చిన్న కారును నాతో ఆ ఎత్తు మధ్యలో ఆపించాడు. డిక్కీలోంచి గోనెపట్టా విప్పి ఒక రాయి తీశాడు. ఒక పక్క చదునుగా ఉన్న నల్లరాయి. దాన్ని వెనక టైరుకు జానెడు దూరంలో పెట్టి, బండి వెనకే నిలబడ్డాడు.

"క్లచ్చు మెల్లగ ఇడువు. బండి ముక్కు జర లేస్తది. అప్పుడు హ్యాండ్‌బ్రేకు దించు. రాయికి తాకకుండ బండిని ముందుకు లేపాలె" అన్నాడు.

పక్కకు జరగమన్నాను. బండి జారితే మీదికే వస్తుందన్నాను. "అందుకే జారనియ్యకు" అన్నాడు, అంతే. అద్దంలో ఆయన మంకీ క్యాప్, భుజం మీద తువ్వాలు కనబడుతున్నాయి. ఆ రోజు బండి ఎన్నోసార్లు రాయికి తాకింది. తాకిన ప్రతిసారీ నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన మాత్రం జరగలేదు.

ఒకరోజు ఆ రాయి మీదే కూర్చుని, లేని రాయి తనకెందుకు కనబడిందో చెప్పాడు. బస్సు ఉద్యోగానికి ముందు, పడుచువాడుగా ఇటుకల లారీ నడిపేవాడట. లోడు మీద కూలీలు కూర్చుని ఉండగా ఒక ఎత్తులో తొందరపడి గేరు మార్చబోతే ఇంజిన్ ఆగిపోయింది. లారీ వెనక్కి జారుతుంటే బ్రేకు మీద నిలబడ్డా ఆగలేదు. పైనుంచి ఒక ఆడమనిషి దూకి, రోడ్డు పక్క రాయి తెచ్చి టైరు కింద తోసింది. లారీ నిలిచింది. "తప్పు నాది. పానాలు కాపాడింది ఆమె. భయంల ఆమె పేరు గూడ అడగలే. గప్పట్నుంచి నాకు బండి కంటె ముందు దాని ఎనక రాయి కనవడ్తది" అన్నాడు. అలా అంటున్నప్పుడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నేను చూడనట్టు ఉన్నాను.

మొదటి పరీక్షలో నేను ఫెయిలయ్యాను. ట్రాక్ మీద ఎత్తులో ఆపి లేపేటప్పుడు బండి బెత్తెడు వెనక్కి పోయింది. ఇంటికి పోయి దుప్పటి ముసుగేసుకోవాలని ఉంది నాకు. కాక బండిని తిన్నగా మా గల్లీ ఎత్తు దగ్గరికి పోనిమ్మన్నాడు. "ఫెయిలైన ఎత్తును ఇంట్లకు మోస్కవోవద్దు" అన్నాడు. మధ్యాహ్నం ఎండలో పదిసార్లు లేపించాడు. పదోసారి రాయికి తాకలేదు. అప్పుడు గానీ మంచినీళ్ల సీసా ఇవ్వలేదు.

రెండో పరీక్షకు ఆరు రోజులుందనగా పోయాడు. నేను ఆటో దిగేసరికి ఇంటి ముందు షామియానా వేస్తున్నారు. కారు ఆయన ఆపినచోటే ఉంది, దాని వెనక టైరు కింద రాయి కూడా. పరీక్ష వాయిదా వేసుకో చెల్లె అని ట్రాలీ అన్న అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. ఐదో రోజు సాయంత్రం చిన్నమ్మ పిలిచింది. కళ్లు వాచి ఉన్నాయి. కొంగు ముడి విప్పి కారు తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"రేపే గద పరీక్ష. నువ్వు ఎనకడుగేస్తె ఆయన ఊకోడు" అంది.

వెళ్లాను. ట్రాలీ అన్న తోడొచ్చాడు. టైరు కింది రాయిని డిక్కీలో వేసుకున్నాం గానీ, ట్రాక్ మీద దాన్ని ఎవరూ పెట్టనివ్వరు. ఎత్తు మధ్యలో ఆపి హ్యాండ్‌బ్రేకు లాగాను. అలవాటుగా అద్దంలోకి చూశాను. ఖాళీ రోడ్డు. కాక లేడన్నది శ్మశానంలో కూడా నాకు అంతగా తెలియలేదు, ఆ అద్దంలో తెలిసింది. ఆయన అక్కడ నిలబడి ఉంటే ఎలా లేపుతానో అలాగే లేపాలనుకున్నాను. క్లచ్చు వదిలాను, ముక్కు లేచింది, బ్రేకు దించాను. బండి వెనక్కి వెంట్రుక వాసి కూడా పోలేదు. పాసయ్యావని అక్కడి ఆఫీసరు చెప్పాక, కారు పక్కన ఆపి, అన్ని రోజుల ఏడుపూ అక్కడే ఏడ్చాను.

దినాలు అయ్యాక వచ్చిన ఆదివారం మేం ముగ్గురం ఆ గదిలో కూర్చున్నాం. ఆయన కుర్చీలో ఎవరం కూర్చోలేదు. చిన్నమ్మ పాత బట్ట తెచ్చి టీవీ అద్దం తుడిచి, ప్రోగ్రాం పెట్టింది. అయిపోయాక ట్రాలీ అన్న నన్ను చూసి, ఇక నువ్వూ చెప్పొచ్చు అన్నాడు. రెండేళ్లు ఆ మాట కోసమే ఉక్రోషపడ్డాను. తీరా నోరు తెరిస్తే, ఆ రోజు చూపించిన బండి నేను నడిపింది కాదు. అదే చెప్పాను. ఇది నడపలేదు, అడుగుతాను అన్నాను.

నా ప్రశ్న ఇంకా మొదలుకాలేదు. వంటింటి గడప మీంచి చిన్నమ్మ, అన్నేళ్లలో మొదటిసారి, తనే ఒకటి అడిగింది.

"ఎత్తు మీద ఆపి లేపుడు... నా కాళ్లకు వస్తదా?"

ట్రాలీ అన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. షోరూం తమ్ముడు నా వైపు చూశాడు. ఆ గదిలో జవాబు ఎప్పుడో చెప్పేసి ఉంది. నేను మళ్లీ చెప్పడమే.

"అడిగినవు గద చిన్నమ్మా, ఇగ నడుపుతవు" అన్నాను.

నెల మాసికం అయ్యాక లెర్నింగ్ లైసెన్స్ తెచ్చుకుంది. మొగుడు పోయి ఎన్నాళ్లైందని, ఈ వయసులో ఇదేం సోకని గల్లీలో నలుగురు అనకపోలేదు. చిన్నమ్మ వాళ్ల ముందు నుంచే, ఎల్ బోర్డు పెట్టుకుని, మొదటి గేరులో రోజూ పోయింది. చదును మీద చేయి కుదిరాక, మొన్న పొద్దున బండిని గల్లీ చివరి ఎత్తు మధ్యలో ఆపింది. పక్క సీట్లో ట్రాలీ అన్న ఉన్నాడు. నేను డిక్కీలోంచి రాయి తీసి, వెనక టైరుకు జానెడు దూరంలో పెట్టి, బండి వెనక నిలబడ్డాను. అద్దంలో చిన్నమ్మ కళ్లు నన్ను వెతుక్కున్నాయి. పక్కకు జరగమని చేత్తో సైగ చేసింది.

"రాయికి తాకకుండ లేపు చిన్నమ్మా" అన్నాను.

ఇంజిన్ గొంతు మారింది. బండి ముక్కు కొంచెం లేచింది. నేను జరగలేదు.