ఒంటిగా ఈదిన బొంత చేప

1961. నాయుడుపేటలో బస్సు మారి, చివర ఇసుకలో నడిస్తే పులికాట్ సరస్సు ఒడ్డున ఒక రేకుల షెడ్డు వచ్చేది. అదే మా చేపల పరిశోధన కేంద్రం. అందులో ఉద్యోగం చేసేది నేనొక్కడినే. రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప.

ఈదే చేప కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో ఎంత దాన్ని ముందుకు నెడుతుంది, ఎంత వేడిగా వృథా పోతుంది? అది తేల్చడం నా పని. గాజు గొట్టంలో బొంత చేపను వదిలి ఎదురు నీరు పారించేవాణ్ణి. అది కొట్టుకుపోకుండా ఈదుతూ ఉండేది. డిజాల్వ్డ్ ఆక్సిజన్, అంటే నీటిలో కరిగిన ప్రాణవాయువు, ఈతకు ముందెంత, తర్వాతెంత అని చూస్తే కండరాల ఖర్చు తెలుస్తుంది.

పదకొండు నెలలు కొలిచాను. బొంత కండరం పరమ దుబారా అని తేలింది. ఆ రిపోర్టు పంపితే నా ఉద్యోగం పర్మనెంటు అవుతుంది.

బతికున్న చేపలు తెచ్చిచ్చే పోలమ్మ ఆ రోజు గొట్టం మీదికి వంగి చూసింది.

"ఇదేంది సామీ, వొంటిగా ఏసినారు?"

"ఒక్కదాన్ని కొలిస్తేనే అక్కా, లెక్క సరిగ్గా వచ్చేది."

"ఏం లెక్కో! ఇది ఈదతా లేదు, బెదురుతా ఉండాది. మొప్పలు ఎట్టా కొట్టుకుంటుండాయో చూడు. మందలో తిరిగేది గదా. పక్కన ఇంకోటుంటే నిమ్మళంగా పోద్ది."

నాకు ఒళ్లు మండింది. చదువుకున్నది నువ్వా నేనా అని మనసులోనే అనుకున్నాను. ఆమె వెళ్లాక మాత్రం ఉండబట్టలేక, గొట్టానికి ఆనించి గాజు తొట్టి పెట్టి అందులో రెండో బొంతను వదిలాను. పాతదానికి అది కనపడుతుంది, అంతే. చేప అదే, నీటి వేగం అదే. ప్రాణవాయువు ఖర్చు బాగా తగ్గిపోయింది! తొట్టి తీసేస్తే మళ్లీ పెరిగింది. నాలుగు రోజులు మార్చి మార్చి చూశాను.

నేను ఈతకని రాసుకున్న ఖర్చులో భయం ఖర్చు కూడా ఉంది. ఏడుపొచ్చింది. పదకొండు నెలల శ్రమ పోయినందుకు కాదు. అన్నాళ్లూ అది నా కళ్లముందే బెదురుతుంటే, ఆ షెడ్డులో నాకది మామూలుగానే కనిపించింది.

రిపోర్టు ఆపి, జరిగింది జరిగినట్టు పై అధికారికి రాశాను. చివర, తోడుగా ఒక మనిషిని వేయమని అడిగాను. జవాబు వచ్చింది: "ప్రయోగాలలో రెండో చేపను ఉంచుటకు అనుమతించడమైనది. రెండో మనిషికి నిధులు లేవు."

దేన్నైనా కొలిచేముందు దాన్ని ఎలాంటి చోట పెట్టామో చూసుకోవాలని అప్పుడు నేర్చుకున్నాను. పర్మనెంటు కావడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ, పోలమ్మ చేపలు దించి వెళ్లబోతుంటే సిగ్గు విడిచి అడిగేవాణ్ణి:

"కాసేపు కూచోని పో అక్కా."