బ్రేకుల్లేని బండి

నాలుగేళ్ల కిందట ఒక ఇంగ్లిష్ కుర్రాడు ఎడమ చేయి మెడకు కట్టుకుని మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి వచ్చాడు. పంతొమ్మిదేళ్లుంటాయి. స్పీడ్‌వే అనే మోటార్‌సైకిల్ రేసులు చేస్తాడట. తన దేశంలో ఏ క్లబ్బూ ఇంకా తీసుకోలేదని, అనుభవం కోసం ఒక సీజన్ కాలిఫోర్నియా వచ్చాడు. రెండో పందెంలోనే పడి కాలర్‌బోన్ విరగ్గొట్టుకున్నాడు.

ఆ నెలల్లో నాన్న నా దగ్గరే ఉన్నాడు. పాడేరు ఘాట్ రోడ్డు మీద ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. సన్నీవేల్ అపార్ట్‌మెంట్‌లో పొద్దుపోక నాతోపాటు క్లినిక్‌కి వచ్చేవాడు. కుర్రాడి సంగతి వినగానే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. భుజానికి వ్యాయామం చేయిస్తూనే ఇద్దరి మాటలూ నేను తర్జుమా చేసేదాన్ని.

కుర్రాడు చెప్పిన ఆట ఇదీ: మట్టి ట్రాక్ మీద నలుగురు, నాలుగు చుట్లు. బండికి ఒకటే గేరు, బ్రేకులు అసలుండవు. మలుపులో వెనక చక్రాన్ని పక్కకు జారనిచ్చి, ఇనప తొడుగు వేసిన ఎడమ బూటు నేలకానించి తిరగాలి. నేనేదో తప్పు చెబుతున్నాననుకుని నాన్న కాలితో బ్రేకు తొక్కి చూపించాడు. కుర్రాడు నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. పిచ్చోళ్ల ఆట అని నాన్న తేల్చేశాడు కానీ, మర్నాటి నుంచి నాకంటే ముందే బూట్లేసుకుని తయారు.

ఎనిమిది వారాలకు ఎముక అతికింది, భుజం చక్కగా తిరిగింది. కానీ మొదటి ప్రాక్టీసు చేసి వచ్చిన రోజు కుర్రాడి మొహం వాడిపోయి ఉంది. తను పడిన మలుపు రాగానే ట్రాక్ చుట్టూ ఉండే చెక్క గోడ తప్ప మరేమీ కనిపించడం లేదట. చేయి దానంతటదే యాక్సిలరేటర్ వదిలేస్తోందట. ఇంటికి వెళ్లిపోదామనుకుంటున్నానన్నాడు. దానికి నా దగ్గర ఏ వ్యాయామమూ లేదు.

నాన్నకు చెప్పాను. కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుని అన్నాడు: "లోయ కేసి సూడొద్దని సెప్పమ్మా. మనవెటు సూత్తే బండి అటే ఎల్తాది. మలుపు దాటాక రోడ్డెక్కడుందో అక్కడ సూడాల."

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి బస్సు చక్రం లోయ అంచుదాకా జారిందని, ఆ తర్వాత నెల రోజులు స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణికేవని కూడా చెప్పాడు. ఆ సంగతి అప్పటిదాకా నాకూ తెలియదు.

కుర్రాడు అంతా విన్నాడు. "మా కోచ్ కూడా గోడ చూడొద్దనే అన్నాడు. తన చేతులు వణికాయని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు" అన్నాడు.

తర్వాతి ఆదివారం రెండు గంటలసేపు డ్రైవ్ చేసి మధ్యాహ్నానికి ఆ ట్రాక్‌కి వెళ్లాం. మొదటి పందెంలో మనవాడు అందరికన్నా వెనక. రెండోదానిలో మూడోవాడు. చివరి పందెంలో ఆ పాత మలుపు దగ్గర బండి పూర్తిగా పక్కకు వాలింది. నాన్న కుడికాలు ముందున్న బెంచీని గట్టిగా తొక్కింది. కుర్రాడి తల మాత్రం అవతలి దారివైపే తిరిగి ఉంది. బయటి వరసలోంచి ఇద్దర్ని దాటి, మట్టి ఎగజిమ్ముతూ దూసుకొచ్చి గెలిచాడు. ఆ మట్టి సగం నాన్న తెల్లచొక్కా మీద పడింది. దులపబోతే వద్దన్నాడు, ముందు ఫోటో తియ్యమన్నాడు.

ఆ సీజన్‌లో కుర్రాడు ఇంకో నాలుగు పందేలు గెలిచాడు. మరుసటేడు ఇంగ్లండ్‌లో ఒక చిన్న క్లబ్బు తీసుకుంది. మధ్యలో చీలమండ విరిగి ఒక వేసవి పోయింది. అప్పుడతను ముందు ఫోన్ చేసింది నాకు కాదు, విశాఖలో ఉన్న నాన్నకు. కిందటేడు పెద్ద లీగ్‌లోకి వెళ్లాడు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా వీడియో కాల్‌లో చేతులూపుకుంటూ అరగంట మాట్లాడుకుంటారు.

మొన్న కుర్రాడు ఏమన్నాడని అడిగితే, నాన్న తాపీగా చెప్పాడు: "బాగా తోల్తన్నాడంట."