బోణీకి పనికిరాని చెయ్యి

సంత అంటే అందరికీ మురిపెం. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బోణీ అనే మాట వింటే ఇంకా మండుతుంది.

అప్పుడు మాది మైసూరు మహారాజు సీమ. కాస్త దూరం నడిస్తే ఇంగ్లీషువాళ్ల సీమ. అక్కడి రైతులు కూడా హొసకోట సంతకే విత్తనపు శనక్కాయలు తెచ్చేవాళ్లు. ఆ ఏడు మా నాయన పోయాడు. దాచిన విత్తనాలు అమ్మా నేనూ తినడానికే అయిపోయాయి. వాన పడి రెండు రోజులైంది. పదును ఆరకముందే గింజ నేలలో పడకపోతే ఆ ఏడాదికి మా ఇద్దరికీ గంజి కూడా ఉండదు. ముందు పోతే మంచి కాయ దొరుకుతుందని తెల్లారకముందే బయలుదేరాం. అదే మేం చేసిన తప్పు.

సంత అప్పుడప్పుడే మొదలవుతోంది. కంబళ్లు దించుతున్నారు, చింతపండు గంపలు సర్దుతున్నారు. అమ్మ వేటివైపూ చూడలేదు. నేరుగా శనక్కాయల వరుసకు వెళ్లి ఒక గోనె ముందు చెయ్యి చాచింది. ఆ మనిషి గోనె మూతి మూసేశాడు.

"ఇంగా బోణీ కాలేదమ్మా. తాకొద్దు. రొంత తాళు."

అమ్మ నుదుట బొట్టు లేదు కదా. మొదటి బేరం విధవ చేతి మీదుగా జరిగితే ఆ రోజంతా సరుకు కదలదని వాళ్ల భయం. రెండో గోనె దగ్గరా అదే మాట. మూడో ఆయన "ఎదురుగా నిలబడొద్దు, పక్కకు పో" అన్నాడు. పక్కకు పోయి నిలబడ్డాం. వాళ్ల బోణీలు అయ్యేసరికి బండ్లు కట్టుకొచ్చిన పెద్ద రైతులు గోనెలకు గోనెలు ఎత్తుకుపోయారు. మిగిలినవి పుచ్చులూ తాలూ. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. మమ్మల్ని కొనబోనియ్యనే లేదు.

పొద్దెక్కాక ఒక ముసలాయన గాడిద మీద ఒకే గోనె తెచ్చి దించాడు. కాయ గట్టిగా, నిండుగా ఉంది. అమ్మ కొంగుముడి విప్పి డబ్బు నా చేతిలో పెట్టింది.

"నువ్వు పో. కన్నెపిల్ల చెయ్యి మంచిదంటారు. నేను ఈడే ఉంటా."

వెళ్లాను. ముసలాయన మొహం విప్పారింది. "రామ్మా, లచ్చిమి వచ్చినట్ల వచ్చినావు" అని డబ్బు కళ్లకద్దుకుని, శేరు ముంచి నా గుడ్డలో పోశాడు. "లాభం" అన్నాడు. కొలిచేవాళ్లు ఒకటి అనరు, లాభం అంటారు. "రెండు" అన్నాడు. మూడో శేరు ఎత్తి ఆగాడు. చింతపండు గంపల పక్కన నిలబడి అమ్మ ఇటే చూస్తోంది.

"ఆయమ్మ మనల్నే సూస్తాండాది. నీకేమైతాది పాపా?"

శేరు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. కాయలు గోనెలోకి తిరిగిపోతాయని భయపడ్డాను.

"నాకు తెల్దు" అన్నాను. "ఎవురో."

"అట్ల దూరం పోమ్మా, బోణీ జరుగుతాంది" అని ఆయన కేకేశాడు. అమ్మ తల మీద కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. నా మాట ఆమెకు వినబడింది. వినబడలేదని చాలా ఏళ్లు నాకు నేనే అబద్ధం చెప్పుకున్నాను. సిగ్గులేని నోరు నాది.

మూట ఎత్తుకుని సంత బయట అమ్మను కలుసుకున్నాను. ఏడుపు ఆగలేదు. అమ్మ మూట విప్పి, ఒక కాయ ఒలిచి, గింజ కొరికి చూసింది.

"మంచి గింజే" అంది. మూట తన నెత్తికెత్తుకుంది. "నువ్వు ముందు నడు. సంతోళ్లు వస్తాండారు."

ఊరిదాకా నాకు పది అడుగులు వెనకే నడిచింది. తిరిగి చూసినప్పుడల్లా చేత్తో ముందుకు పొమ్మంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, కోపమేమీ లేకుండా చెప్పింది.

"ఇంగ మీదట ఎవురడిగినా అట్లే చెప్పు. పనులు జరుగుతాయి."

చెప్పాను. చాలాసార్లు చెప్పాను.