విమానం పోయేదాకా ఆగే ఇల్లు

మా ఇంట్లో మాటలు మధ్యలో ఆగిపోతాయి. పైన విమానం వినబడగానే మా బాపు ఎక్కడి మాట అక్కడే వదిలేసి, చేతిలో చాయ్ గ్లాసు ఉంటే దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంటాడు. చప్పుడు పోయాక అదే మాట అందుకుంటాడు. విమానాశ్రయం పక్కనున్న మా పాల్మాకులలో ఇది మా ఒక్క ఇంటి అలవాటు కాదు. కిరాణా కొట్టు దగ్గర బేరాలు, పెళ్లి సంబంధాల ముచ్చట్లు, చివరికి తిట్లు కూడా అలాగే ఆగి మళ్లీ మొదలవుతాయి. నాకు మాత్రం ఆ అలవాటు అబ్బలేదు. నేను గొంతు పెంచుతాను. ఎవరో పైనుంచి పోతుంటే నా నోరు నేనెందుకు మూసుకోవాలి?

అందుకే కంప్యూటర్ కూడా బాపు లాగే తయారైనప్పుడు నాకు ఒళ్లు మండింది.

నేను ఇంటి నుంచే పనిచేస్తాను. మిక్సీలు, ఫ్రిజ్‌లు కొన్నవాళ్లు అవి చెడిపోతే చేసే ఫోన్లు కంప్యూటర్ మీదే నాకు వస్తాయి. అవతలి మనిషి తన గోడు వెళ్లబోసుకుంటుండగా వైఫై ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. నా మాట వాళ్లకు అందదు, వాళ్ల మాట నాకు అందదు. కాసేపటికి ఏమీ జరగనట్టు అంతా మామూలే. ఈలోపు వాళ్లు ఫోన్ పెట్టేసి నా మీద ఫిర్యాదు చేసేవాళ్లు.

మా మేనేజర్ కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన ఆవిడ. ఎంత కోపంలోనైనా మర్యాద తప్పదు. "ఎయిర్‌పోర్టు పక్కన నెట్ ఎలాగూ సరిగ్గా రాదమ్మా. ఈ నెలాఖరులోగా బాగుపడకపోతే మీరు ఆఫీసుకే రావాల్సి ఉంటుంది. ఆఫీసుకు దగ్గర్లో ఇల్లు చూసుకోండి" అంది.

అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. నేను వెళ్తే బాపు కూడా ఇల్లు వదిలి నాతో రావాలి. చెబితే కోప్పడతాడనుకున్నాను. ఆయన గోడకు ఆనుకుని, "ఒకసారి జరిగినం గదా బిడ్డా. ఇంకోసారి జరుగుదాం తీ" అన్నాడు.

విమానాశ్రయం కట్టినప్పుడు మా పొలం, పాత ఇల్లు అందులో పోయాయి. ఈ ఇల్లు బాపు మళ్లీ పునాది నుంచి కట్టుకున్నది. దీన్ని కూడా అంత తేలిగ్గా వదులుదామన్నందుకు మేనేజర్ మీద కన్నా ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. జరిగితే వైఫై జరగాలి, మనం జరగం అని తెగేసి చెప్పాను.

నెట్ కనెక్షన్ అబ్బాయి వచ్చి చూశాడు. లైన్ బాగానే ఉందని, విమానాల పక్కన ఉంటే ఇంతేనని చేతులెత్తేసి వెళ్లిపోయాడు. మా వైపు బర్రె పాలు తగ్గినా, టీవీలో బొమ్మ ఆగినా నేరం విమానాలదే. బాపూ అదే అన్నాడు. ఆ మాట అనేశాక ఇక ఎవరూ కారణం వెతకరు. నేను వెతికాను. పని చేసుకుంటూనే ఒక చెవి ఆకాశం మీద పెట్టాను. విమానాలు నెత్తి మీంచి పోతున్నప్పుడు నెట్ నిక్షేపంగా నడిచింది. పైన ఏ చప్పుడూ లేనప్పుడు ఆగింది. అంటే విమానాలు కాదు.

స్టీలు బిందెల వెనక ఉన్న రూటర్‌ను తీసి బయట పెట్టాను. మార్పు లేదు. కంప్యూటర్‌కు నేరుగా వైరు కలిపాను. ఆ రోజంతా ఒక్కసారి కూడా ఆగలేదు. లైనూ మంచిదే, కంప్యూటరూ మంచిదే, దొంగ వైఫైలోనే ఉన్నాడు. వైరు అలాగే ఉంచేద్దామంటే అది గడప దాటి రావాలి. సాయంత్రానికే బాపు కాలికి తట్టుకుని పడబోయాడు. తీసేశాను.

ఒకసారి నెట్ ఆగినప్పుడు ఫోన్ తీసి చూశాను. చుట్టుపక్కల వాళ్ల వైఫై పేర్లన్నీ ఉన్నాయి, మా రూటర్ ఇచ్చే రెండు వైఫైల్లో నేను వాడే ఫైవ్ జీ పేరు ఒక్కటే మాయమైంది. కాసేపటికి తిరిగి వచ్చింది. రూటర్ తనంతట తానే మూగబోతోందన్నమాట. ఎందుకో నెట్‌లో వెతికి చదివాను. వైఫై వాడే ఛానళ్లలో కొన్నింటిని రాడార్లు కూడా వాడతాయట. అలాంటి ఛానల్‌లో ఉన్న రూటర్‌కు రాడార్ అలికిడి తగిలితే, అది వెంటనే నోరు మూసుకుని వేరే చోటు వెతుక్కోవాలి. దాన్ని తయారుచేసిందే అలా. మా రూటర్ ఛానల్‌ను తనే ఎంచుకునే ఆటో పద్ధతిలో ఉంది. ప్రతిసారీ లేచి, తిరిగి తిరిగి అక్కడికే పోయి కూర్చుంటోంది.

నవ్వు రావాల్సింది, ఏడుపొచ్చింది. పొలం ఇచ్చాం, ఇల్లు ఇచ్చాం. ఇప్పుడు మా నాలుగు గోడల మధ్య ఉన్న ఈ డబ్బా కూడా అలికిడి వినగానే లేచి నిలబడుతోంది. రాడార్లు వద్దని నేననను, విమానాలు క్షేమంగా దిగాల్సిందే. కానీ రాడార్లు వాడని ఛానళ్లు కూడా ఉన్నాయిగా. సెట్టింగుల్లో ఆటో తీసేసి ముప్పై ఆరో ఛానల్ పెట్టి పడేశాను. అక్కడ ఎవరికోసమూ లేవనక్కర్లేదు.

నెలాఖరు దాకా ఒక్క ఫోనూ తెగలేదు. మేనేజర్ ఫోన్ చేసి, ఏం చేశానో అడిగి తెలుసుకుని, అక్కడి నుంచే పని చేసుకోండమ్మా అంది. మధ్యలో విమానం గోల వినబడి, తగ్గాక మాట్లాడదామంది. నేను గొంతు పెంచి అప్పుడే మాట్లాడేశాను.

బాపుకు అంతా వివరించాను. విమానాలకూ రాడార్‌కూ ఆయనకు తేడా కనబడలేదు. "నేను చెప్పలే? గా విమానపోళ్లదే తప్పు" అన్నాడు.

"గాళ్లదే గని, మనం జరుగుతలేం బాపు" అన్నాను.

ఆయన పెరటి వైపు తిరిగి, "గట్లయితే ఈ వానకాలం గా మూలకు..." అని మొదలుపెట్టాడు. అప్పుడే విమానం వచ్చింది. అలవాటు చొప్పున ఆగిపోయాడు. ఆగొద్దని చేత్తో సైగ చేశాను. పైకి చూశాడు, నన్ను చూశాడు. మళ్లీ అందుకున్నాడు. మెడ నరాలు ఉబ్బేలా, చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. పెరట్లో ఏ మొక్క పెడతానంటున్నాడో నాకు ఒక్క ముక్క వినబడలేదు. విమానం పోయేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.