చెయ్యి అందాలె

ఆ రోజు నేను చేసిన తప్పు, చిన్నమ్మ కాగితంతో కడుతున్న బొమ్మను సజ్జ మీద పెట్టడం. వేములవాడ దర్శనానికి వచ్చిన చుట్టాల పిల్లలు చింపుతారని భయపడ్డాను. తర్వాత దించలేదు.

కోరుట్లలో మా ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఆమె బీడీలు చుట్టేది. ఫోన్‌లో అంతరిక్ష నౌక నడిపే గదిని చూసి ముచ్చటపడి, దాని భాగాలను మందపు కాగితం మీద నాతో ప్రింటు తీయించింది. సాయంత్రం బీడీల చాట పక్కకు జరిపి, చిటికెన వేలంత సీట్లు, ఆవగింజంత మీటలు కత్తిరించి అంటించేది. ఏది అంటించినా ఒక కన్ను మూసి, బొమ్మ కిటికీలోంచి లోపలికి చూసేది.

"సీట్ల కూసున్నోళ్లకు చెయ్యి అందాలె కొడుకా. పొద్దంత కూసోని పనిజేసేటోళ్లకే తెలుస్తది గా బాధ."

"మరి పోదామా చిన్నమ్మా, చంద్రుని మీదికి?"

"నువ్వే పో. నాకు మోకాళ్లు నొస్తయి. ఆడ ఎన్ని మెట్లున్నయో ఏమో!"

ఆ మోకాళ్లతో స్టూలెక్కలేక, "జర దించియ్యిర" అని ఎన్నిసార్లు అడిగిందో. ప్రతిసారీ రేపన్నాను. ఒకనాడు అడగడం మానేసింది. చూపు మందగించాక సిరిసిల్లలో కూతురింటికి వెళ్లిపోయింది. ఇంట్లో బీడీల తునికాకు వాసన కూడా మిగల్లేదు. ఒక కన్ను మూసి చూసే ఆ చూపు కోసం ఎంత తపించానో!

పోయిన నెల బొమ్మను సజ్జ మీంచి దించి, ఆమె అంటించకుండా మిగిలిన ఒక్క సీటు నేనే అంటించి, ఒళ్లో పెట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాను. చిన్నమ్మకు అది కనబడలేదు. కిటికీలోంచి వేలు దూర్చి, సీటు నుంచి మీట దాకా తడిమింది.

"అందుతలేదుర. ఇంత ముంగటికి జరుపు."

సీటు ఊడదీసి, ఆమె చాలన్నదాకా జరిపి, మళ్లీ అంటించాను.